బుడుగు కాళ్లు పడిపోయిన దసరా

2025 ఉగాది వేడుకల్లో భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్నావిడ పులిహోర కెలుకుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏమిటమ్మా అని అడిగితే, ముందురోజు పొద్దుటి నుంచి వాళ్ల కుక్కపిల్లకి వెనక కాళ్లు రెండూ పడిపోయాయట. ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ తిరుగుతోందట.

"రేపు ఇంజక్షన్ చేయించేద్దామనుకుంటున్నామండీ. దాని అవస్థ చూడలేకపోతున్నాం" అన్నారు.

"ఒంటేలుకి పోతోందా?" అన్నాను.

భోజనాల దగ్గర అడగాల్సిన ప్రశ్న కాదని తెలుసు. ఎదుటి వరసలో ఉన్న పెద్దాయన నా వంక అదోలా చూశారు కూడా.

"ఆఁ, దానికేం లోటు లేదు. పక్కంతా తడుపుతూనే ఉంది" అన్నారావిడ.

నేను విస్తట్లో పాయసం అలాగే వదిలేసి లేచాను. ఎందుకు లేచానో చెప్పాలంటే 2022 దసరా దగ్గర మొదలుపెట్టాలి. కుక్క మీద ఇంత వ్యాసమా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. సంపాదకులే ఒప్పుకున్నాక నాకేం భయం!

మాది పెరంబూరు. మావారు ఐ.సి.ఎఫ్.లో రైలు పెట్టెలు చేసి చేసి రిటైరయ్యారు. ముత్తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మా అబ్బాయి బెంగుళూరు నుంచి 2016లో రెండు నెలల పిల్లను తెచ్చి నా ఒళ్లో పడేశాడు. జానెడు ఎత్తు, మూరెడు పైచిలుకు పొడుగు. డాక్స్‌హుండ్ అనే జర్మనీ జాతి. డాక్స్ అంటే అక్కడ బొరియల్లో ఉండే బ్యాడ్జరనే జంతువు, హుండ్ అంటే కుక్క. బొరియలోకి దూరి దాన్ని పట్టేందుకు వీలుగా పొట్టి కాళ్లు, పొడుగు నడుం వచ్చేలా తరతరాలుగా పెంచుకొచ్చారు. మా ఇంట్లో బొరియలు లేవు కాబట్టి వాడు బీరువా కిందా మంచం కిందా దూరేవాడు. వాడి అల్లరి చూసి మావారు బుడుగు అని పేరు పెట్టారు. ముళ్లపూడి వారి బుడుగుని చదివి పెరిగినవాళ్లం, ఇంకో పేరెలా తోస్తుంది?

ఆ దసరాకి బుడుగుకి ఆరేళ్లు నిండాయి. మామూలుగానే తొమ్మిది మెట్ల కొలువు పెట్టాం. సెప్టెంబరు 29, గురువారం. రోజూ ఒక్క గెంతులో మంచం ఎక్కేవాడు ఆ రాత్రి ఎక్కలేదు. వీపు విల్లులా వంచుకుని, ఒణుకుతూ మూల నిలబడ్డాడు. ఎత్తుకోబోతే కుయ్యిమన్నాడు. పేరంటానికొచ్చిన పిల్లలు సుండల్ పెట్టుంటారు, కడుపునొప్పి కాబోలు అనుకుని వాము నీళ్లు పట్టాను. మర్నాడు కూడా మెడ వంచి గిన్నెలో అన్నం తినడానికి బద్ధకించాడు. అదీ కడుపు ఖాతాలోనే వేశాను.

తప్పు నాదే. అది కడుపునొప్పి కాదు, నడుం నొప్పి. పొట్టి కాళ్ల కుక్క ఉన్నట్టుండి ఎగరడం మానేసినా, వీపు గూనిలా పెట్టి ఒణికినా, ఎత్తుకుంటే అరిచినా ఆ రోజే డాక్టరుకి చూపించి, కదలకుండా పడుకోబెట్టాలి. ఆ రెండు రోజులూ వాణ్ని సోఫా ఎక్కనిచ్చాను, దూకనిచ్చాను. శనివారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగగానే అలవాటు కొద్దీ సోఫా మీద నుంచి దూకి గుమ్మం దాకా పరిగెత్తాడు. ఆ తర్వాత చాలా కాలం వాడు పరిగెత్తలేదు.

ఆదివారం పొద్దున్న నేను పాలు కాస్తుంటే వంటింట్లోకి వచ్చాడు. వచ్చాడనడం కంటే ముందు సగం వచ్చింది, వెనక సగాన్ని ఈడ్చుకొచ్చిందనాలి. తోక నేల మీద తాడులా పడి ఉంది. వాడికి మాత్రం ఏం జరిగిందో అర్థమైనట్టు లేదు. పాల గిన్నె వంక చూస్తూ కూర్చున్నాడు.

దగ్గర్లో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రెండు నిమిషాలు నొక్కి చూసి, "వెన్ను పోయిందమ్మా. ఇక లేవదు. అవిటి కుక్కని పెట్టుకుని ఏం చేస్తారు? రేపు తీసుకురండి, నిద్రపుచ్చేద్దాం" అని నొప్పికి ఒక ఇంజక్షన్ ఇచ్చి పంపారు. ఆయన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. జాలితోనే అన్నారు. కానీ కాళ్లు పడిపోయిన మొదటి రోజున, అంత తక్కువసేపు చూసి, ఇక లేవదని ఎవరూ చెప్పలేరని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక మావారు చాలాసేపు కొలువు ముందు కూర్చుండిపోయారు. మా అత్తయ్యకి 1998లో పక్షవాతం వచ్చి మూడేళ్లు మంచంలో ఉన్నారు. ఎత్తింది, తిప్పింది, తుడిచింది నేనూ, ఆయనా. "ఒకసారి చూశాం చాలదా? నోరున్న మనిషే అంత పడింది. నోరులేని దాన్ని ఎందుకు పెట్టడం" అన్నారు. ఆయన అలా అనడం నాకు ఆశ్చర్యం కాలేదు. బుడుగు మీద ప్రేమ లేక కాదు, ఆ మూడేళ్లూ గుర్తుండి. రేపు వేపేరి వెళ్లి వాళ్లు కూడా అదే మాటంటే ఒప్పుకుంటానని చెప్పాను. ఆ రాత్రి బుడుగు పక్క రెండు మూడుసార్లు తడిసింది. "పోనీలే, పాసు పోస్తున్నాడు. ఆ భాగమైనా పనిచేస్తోంది" అని ఇద్దరం సంతోషించాం కూడా.

సోమవారం తెల్లవారగానే ఆటోలో వేపేరికి బయల్దేరాం. చిన్న మెట్ల బల్ల మీద పరుపు వేసి, వాణ్ని దాని మీద పడుకోబెట్టి, కండువాతో వదులుగా కట్టి, బల్లతో సహా తీసుకెళ్లాం. ఇదొక్కటి మేం తెలియకుండానే సరిగ్గా చేసిన పని. నడుం వేలాడేలా చంకలో ఎత్తుకోకూడదు. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో సైదాపేటలో మొదలై 1905లో వేపేరికి మారింది. మా అత్తయ్య పుట్టింటివాళ్లు ఆవుల్ని తోలుకెళ్లేవారట అక్కడికి. ఇప్పుడు కుక్కలే ఎక్కువ. బల్లల మీద మనుషులు, ఒళ్లో కుక్కలు, పక్కన ఆటోలోంచి తొంగిచూస్తూ ఒక మేక.

మమ్మల్ని చూసిన అమ్మాయి మా కోడలి వయసు ఉంటుందేమో. మొదటి మాట, "రేబీస్ టీకా వేయించారా? కార్డేదీ?" అని. నాకు కోపమొచ్చింది, కాళ్లు పడిపోయి మేం ఏడుస్తుంటే కార్డు ఏమిటని. తర్వాత చెప్పింది. రేబీస్ అంటే నురగలు కక్కుతూ కరవడమే అనుకుంటాం, కానీ కరవకుండా కాళ్లూ దవడా పడిపోయే రకం కూడా ఉందట. టీకా లేని కుక్క అలా పడిపోతే ముట్టుకునే ప్రతి మనిషికీ ప్రమాదం. మా కార్డు సరిగ్గా ఉంది కాబట్టి ఆ భయం తీరింది.

తర్వాత వాణ్ని నిలబెట్టి పట్టుకుని, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకి ఆనేలా పెట్టింది. మామూలు కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. బుడుగు అలాగే ఉంచేశాడు. ఆ తర్వాత పటకారులాంటి పనిముట్టుతో వెనక కాలి వేలు గట్టిగా నొక్కింది. కాలు వెనక్కి లాక్కున్నాడు. "హమ్మయ్య!" అన్నారు మావారు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, "కాలు లాక్కోవడం లెక్కలోకి రాదు సార్. తలకి కబురందకపోయినా కాలు తనంతట తాను లాక్కుంటుంది. నేను మొహం చూస్తున్నాను" అంది. ఇంకోసారి నొక్కింది. ఈసారి బుడుగు తల తిప్పి, ఆమె చెయ్యి వంక చూసి, కెవ్వుమన్నాడు. రెండో కాలికీ అంతే. వాడు అరిచినందుకు అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

తర్వాత ఎక్స్‌రే తీయించి, మాకర్థమయ్యేలా చెప్పింది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు మన తాటిముంజెలాంటిది అనుకోండి. (పోలిక నాది, డాక్టరుది కాదు.) పైన పొర, లోపల మెత్తటి గుజ్జు. బుడుగు జాతిలో ఈ ముంజె ఏడాది నిండేసరికే ముదరడం మొదలుపెడుతుంది. ముదిరి గట్టిపడ్డాక ఏదో ఒక రోజు, ఒక గెంతులో, పై పొర చిట్లి ఆ గట్టి ముక్క పైకి తన్నుకొచ్చి వెన్నుపాముని నొక్కేస్తుంది. ఎక్కువగా పక్కటెముకలు అయిపోయి నడుం మొదలయ్యే చోట. అందుకే ముందు కాళ్లు బాగుంటాయి, వెనకవి పడిపోతాయి. ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు ఇరుకైనట్టు కనిపించవచ్చుగాని నరానికి ఎంత దెబ్బ తగిలిందో కనిపించదు, దానికి ఎమ్మారై కావాలి. 2017లో శాస్త్రజ్ఞులు కనిపెట్టిందేమిటంటే, కాళ్లు పొట్టిగా చేసే జన్యువే డిస్కునీ తొందరగా ముదరబెడుతోందట. అంటే మనం ముచ్చటపడి తెచ్చుకునే ఆ పొట్టి కాళ్లలోనే ఈ జబ్బు కూడా ఉంది. డాక్స్‌హుండులలో నాలుగైదింట ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. పెకినీస్, షీట్జు, బీగిల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కూడా ఈ బాపతే. దూకితే వచ్చిందని నేను ఏడ్చాను గాని, ఆ గెంతు ఆఖరి గడ్డిపోచ మాత్రమే.

దారులు రెండని చెప్పింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయడం ఒకటి. వేలు నొక్కితే నొప్పి తెలుస్తున్న కుక్కల్లో ఆపరేషన్ తర్వాత పదింట ఎనిమిది, తొమ్మిది మళ్లీ నడుస్తాయి. నొప్పి కూడా తెలియని స్థితిలో అయితే సగం, కొంచెం పైన. అదీ ఆలస్యం చేయకూడదు. రెండోది, కదలకుండా పెట్టి, మందులిచ్చి, ఎదురుచూడడం. నొప్పి తెలుస్తున్నవాటిలో సగానికి పైగా ఇలా కూడా లేస్తాయి గాని కాలం ఎక్కువ పడుతుంది, జబ్బు మళ్లీ తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. అబ్బాయి ఫోనులోనే కనుక్కుంటే ఒక ప్రైవేటు చోట ఎమ్మారై, ఆపరేషన్ అన్నీ కలిపి లక్ష దాటుతుందన్నారు. వాడు పంపిస్తానన్నాడు. అంతలో ఆ అమ్మాయి బుడుగు ఎడమ కాలు తనంతట తాను కొంచెం కదిలిస్తున్నాడని చూపించింది. "కొద్ది రోజులు చూద్దాం. కాని రోజూ వేలు నొక్కి మొహం చూడండి. తల తిప్పడం మానేసిన రోజు గంట కూడా ఆగకుండా రండి" అంది. మేం ఆ దారి పట్టాం. మీ ఇంట్లో వస్తే మీ డాక్టరు చెప్పిన దారి పట్టండి. ఆపరేషన్ అంటే భయపడి మేమిది ఎంచుకున్నామనుకోకండి.

ఇంకో రకం కూడా ఉందని అప్పుడే చెప్పింది. నొప్పి బొత్తిగా తెలియని కుక్కల్లో పదింట ఒకదానికి వెన్నుపాము కరిగిపోతూ ఆ చావు మెల్లగా పైకి పాకుతుంది. ముందు కాళ్లు, తర్వాత ఊపిరి. అలాంటప్పుడు ఇంజక్షనే దయ. కాబట్టి ఎవరైనా కుక్కని నిద్రపుచ్చారంటే వాళ్లని ఒక్క మాట కూడా అననివ్వను.

అసలు సంగతి తర్వాత వచ్చింది. పొట్ట తడిమి, "ఎప్పుడు పాసు పోశాడు?" అంది. రాత్రంతా పోస్తూనే ఉన్నాడని గొప్పగా చెప్పాం. ఆమె నా చెయ్యి పట్టుకుని వాడి పొత్తికడుపు మీద పెట్టింది. లోపల పీచు తీసిన కొబ్బరికాయంత గట్టిగా ఉంది. చెరువు నిండితే అలుగు మీదుగా నీళ్లు పోతాయి చూడండి, అదీ రాత్రంతా మేం చూసింది. వాడు పోయడం లేదు, నిండి పొర్లిపోతోంది. ట్యూబు వేసి తీస్తే ఎంత వచ్చిందో చెబితే నమ్మరు. అలా రోజుల తరబడి నిండిపోతే సంచి సాగి చచ్చుబడుతుంది, చీము పడుతుంది, అది మూత్రపిండాలదాకా పోతుంది. అందరం కాళ్ల వంకే చూస్తాం. కాళ్లు పోతే కుక్క చావదు, దీనివల్ల చస్తుంది. ఉగాది భోజనాల్లో నేను విస్తరి ముందు నుంచి లేచింది ఈ అలుగు గుర్తొచ్చే.

ఎలా నొక్కి తీయాలో ఆమె చూపించింది గాని, నా చేతులు ఒణికి రాలేదు. బయట బల్ల మీద కూర్చుని మళ్లీ ప్రయత్నిస్తూ మావారితో ఏదో అంటుంటే పక్కన పెద్దాయన "తెలుగువాళ్లా?" అన్నారు. రాయపురం నుంచి వచ్చారట. ఒళ్లో తెల్ల పొమరేనియన్. నొప్పి తెలియకుండా పోయిన కేసు. రెండు నెలలుగా తిరుగుతున్నారు. ఆయన తన కుక్కని కింద నిలబెట్టి, రెండు చేతులూ పొట్టకి అటూ ఇటూ, వెనక తొడల ముందు పెట్టి, "తొందరపడకమ్మా. వేళ్లతో పొడవకూడదు, అరచెయ్యి మొత్తం. నిమ్మకాయంత తగిలితే ఫరవాలేదు. బత్తాయంత అయితే తీసెయ్యాలి. కొబ్బరికాయ కానివ్వకూడదు. మెల్లగా నొక్కి, నొక్కినది వదలకుండా, తోక వైపుకి" అని చూపించారు. మగ కుక్కకి దారి సన్నం, పొడుగు, అందుకని ఇంకొంచెం ఓపిక కావాలన్నారు. గట్టిగా పిండితే సంచి చిట్లే ప్రమాదం ఉంది. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు, డాక్టరు మీ చెయ్యి పట్టుకుని నేర్పాలి. ఆయన కుక్క నడుస్తుందా అని అడిగాను. "నడవదు. అయినా నా కన్నా ముందే లేచి గేటు దగ్గర కూర్చుంటుంది" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మావారు ఏమీ మాట్లాడలేదు. పెరంబూరులో ఆటో ఆపించి ప్లైవుడ్ కొన్నారు.

మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు పెట్టె చేశారు. నిలబడి వెనక్కి తిరగడానికి చాలాలి, నడవడానికి చాలకూడదు. పైన మూత, పక్కల గాలికి కంతలు. కనీసం నాలుగు వారాలు వాడికదే లోకం. అడుగున స్పాంజి, దాని మీద ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద నా పాత నూలు చీరల మడతలు. ప్లాస్టిక్ ఒంటికి తగలకూడదు. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పన్నెండు: ఇవి పాసు తీసే వేళలు. రాత్రి పన్నెండుది మావారు తీసుకున్నారు. నిద్రపుచ్చేద్దామన్న మనిషే ఆ రెండు నెలల్లో ఒక్క రాత్రి మానలేదు. నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇక మిగతాది మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నదే. నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, తుంటి ఎముక దగ్గర ఎర్రబడిందేమో చూడడం, తడవగానే గోరువెచ్చటి నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరబెట్టడం. పుండు పడ్డాక మాన్పడం కంటే పడకుండా చూడడం వెయ్యి రెట్లు తేలిక. దొడ్డికి మాత్రం దానంతట అదే వచ్చేస్తుంది, ఎక్కడ వస్తుందో చెప్పలేం అంతే. పనమ్మాయి రోజూ "పావం, పావం" అంటూ చీరలు ఉతికేది. దసరా అయ్యాక ఆ అమ్మాయికి రెండు చీరలు పెట్టాను, కొత్తవి.

చూడ్డానికొచ్చినవాళ్లు ఊరికే పోరుగా, తలా ఒక వైద్యం చెప్పి పోయారు. ఒకరు నువ్వుల నూనె కాచి నడుం మీద మర్దనా చెయ్యమన్నారు. ఒకరు పుత్తూరు కట్టు వేయించమన్నారు. పుత్తూరు పేరు మద్రాసులో ఎంత చెల్లుతుందో మీకు తెలుసు, మా మామగారి ముంజేయి అక్కడే అతికించారు. అది విరిగిన ఎముకల వైద్యం. ఇక్కడ విరిగింది ఏదీ లేదు. చిట్లిన డిస్కు మీద మర్దనా చేస్తే ఇంకాస్త గుజ్జు పైకి తన్నుకొస్తుంది. ఇంకొకావిడ తన మోకాళ్ల మాత్ర సగం విరిచి పెట్టబోయారు. మనుషుల నొప్పి మాత్రలు, పారాసెటమాల్ కానీ ఇబుప్రోఫెన్ కానీ డైక్లోఫెనాక్ కానీ, కుక్కకి సొంతంగా పెట్టకండి. కాలేయమో కడుపో మూత్రపిండాలో పోతాయి. ఇంకో సంగతి. వేపేరిలో, ఆదివారం వేసిన ఇంజక్షన్ పేరేమిటని అడిగితే మేం నోరు తెరిచాం. స్టిరాయిడ్ ఇచ్చిన దాని మీద ఇంకో రకం నొప్పి మందు పడితే కడుపులో పుళ్లు పడి రక్తం పోతుందట. ఫోను చేసి కనుక్కునేదాకా ఆ అమ్మాయి మందు మొదలుపెట్టలేదు. ఏ డాక్టరు ఏమిచ్చినా చీటీ మీద రాయించుకోండి.

పదకొండో రోజు బెంగుళూరు నుంచి అబ్బాయి వచ్చి పెట్టె మూత తీసి "ఒరే బుడుగూ" అన్నాడు. తోక చివర కదిలింది. గాలికేమో అనుకుని ఫ్యాను ఆపి మళ్లీ పిలవమన్నాను. మళ్లీ కదిలింది.

నాలుగు వారాలు నిండకుండానే దీపావళి, అక్టోబరు 24. బుడుగుకి టపాకాయలంటే హడల్. ఏటా బీరువా కింద దూరేవాడు. ఆ రోజు వాడు పెట్టెలో ఎగిరిపడితే మూడు వారాల కష్టమూ మట్టే. డాక్టరుని అడిగి ముందే బెదురు తగ్గే మాత్ర తెచ్చుకున్నాం. కిటికీలకి దుప్పట్లు కట్టి, టీవీ పెద్దగా పెట్టి, చెరో చెయ్యీ కంతల్లోంచి వాడి మీద వేసి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. మా ఇంట్లో ఆ ఏడు ఒక్క మతాబు వెలగలేదు. పెళ్లైన కొత్తలో తప్ప మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చున్న గుర్తు లేదు నాకు.

మూడో వారంలోనే ఒకసారి మూత్రం మబ్బుగా వచ్చి, వాసన మారింది. వెంటనే పరీక్షకిచ్చి మందు వాడాం. వాడికి అక్కడ మంట తెలియదు కాబట్టి మనమే ముక్కుతో, కంటితో కనిపెట్టాలి.

నాలుగు వారాల తర్వాత, డాక్టరు సరేనన్నాక, రోజుకి మూడు పూటలా వెనక కాళ్లు సైకిలు తొక్కించినట్టు ఆడించేదాన్ని. పొట్ట కింద మావారి పాత కండువా వేసి పట్టుకుని అయిదు నిమిషాలు నడిపించేవాళ్లం. మా మొజాయిక్ గచ్చు మీద మనకే కాలు జారుతుంది. అందుకని హాలంతా కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. మావారు ప్లంబింగు పైపులతో, పిల్లల సైకిలు చక్రాలతో ఒక బండి చేశారు. ఎత్తు, వెడల్పు, బరువు ఎక్కడ ఆనాలి అంటూ టేపు పట్టుకుని ఆయన వాడి చుట్టూ తిరుగుతుంటే మళ్లీ ఐ.సి.ఎఫ్. షాపులో ఉన్నట్టే ఉంది. వీధిలో ఆ బండితో తొలిసారి వెళ్లిన రోజు పిల్లలు వెంటపడ్డారు. బుడుగు ఆ మర్యాదకి పొంగిపోయాడు. నాకు మాత్రం అందరూ చూస్తుంటే సిగ్గేసింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే బుడుగు మొరుగుతున్నాడు. కొవ్వొత్తి తెచ్చి చూస్తే నాలుగు కాళ్ల మీద నిలబడి మొరుగుతున్నాడు. ఎప్పుడు లేచాడో మేం చూడలేదు. రెండడుగులు వేసి పక్కకి ఒరిగిపోయాడు, మళ్లీ లేచాడు. పాసు తనంతట తాను పోయడం అంతకు వారం ముందే వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఆ వారం నాటి సంతోషమే ఎక్కువ.

పూర్వంలా అయ్యాడని చెప్పను. కుడి కాలు ఇప్పటికీ ఊడుస్తుంది, బయటికెళితే పాదం గీరుకోకుండా చిన్న మేజోడు తొడుగుతాం. మంచం, సోఫా నిషేధం. మెట్లు మేమే ఎత్తుకుని దింపుతాం, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుం కింద. బరువు పెరగనివ్వం, మెడకి పట్టీ మానేసి ఛాతీకి తొడిగేది వాడుతున్నాం. 2024 ఆగస్టులో ఒక సాయంత్రం మళ్లీ వీపు విల్లులా వంచి మూల నిలబడ్డాడు. ఈసారి వాము డబ్బా తీయలేదు. పది నిమిషాల్లో పెట్టె అటక మీద నుంచి దిగింది, గంటలో డాక్టరు దగ్గర ఉన్నాం. నాలుగు వారాలు పెట్టెలో ఉన్నాడు. కాళ్లు పడిపోలేదు.

ఉగాది నాడు ఆవిడతో పాటు వాళ్లింటికి వెళ్లాను. షీట్జు, అయిదేళ్ల ఆడపిల్ల. పొట్ట ముట్టుకుంటే కొబ్బరికాయ. అక్కడి నుంచి తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాం. వేలు నొక్కితే ఒక కాలికి తల తిప్పింది, ఇంకో కాలికి తిప్పిందో లేదో తెలియలేదు. వాళ్లు మర్నాడే ఆపరేషన్ చేయించారు. మూడు నెలలైంది. నిలబడుతోంది గాని నడక ఇంకా రాలేదు. వాళ్లాయన రోజుకి నాలుగు పూటలా పాసు తీస్తున్నారట. మొదట్లో ఆ పని చూసి గది లోంచి వెళ్లిపోయిన మనిషి అని ఆవిడ ఫోనులో చెప్పారు.

మా బండి ప్రస్తుతం వాళ్లింట్లో ఉంది. పెట్టె ఖాళీగానే ఉంది. ఎవరికైనా కావలిస్తే సంఘం ఆఫీసులో కబురు చెప్పండి. ఎనిమిది, తొమ్మిది కిలోల కుక్కకి సరిపోతుంది. అంతకంటే పొడుగైతే ఒకటి రెండు రోజులు గడువివ్వండి, మావారు పక్క చెక్కలు మారుస్తారు.